మసక మడుగుదా, కంటిదా?

పీతల బుట్టలు వెనక వేసుకుని ఆర్మెలీన్ బయూ అని పిలిచే నిదానపు ఏటి పక్క రోడ్డు మీద కిందికి, అంటే సముద్రం వైపు, బండి తోలుకుపోతోంది. వంతెన దాటగానే రోడ్డు వార ఒక ముసలాయన నడుస్తూ కనిపించాడు. భుజాన గాలపు కర్ర, మోకాళ్ల దాకా తెల్ల రబ్బరు బూట్లు. నడక చూసే పోల్చుకుంది. తన జ్ఞానతండ్రి తెయోజెన్ బిల్లియో. బండి ఆపి అద్దం దించింది.

"ఎక్కడికి పరాన్? కన్ను కోయించుకుని పది రోజులు కాలేదు. దుమ్ములో తిరగొద్దన్నారుగా?"

జ్ఞానతండ్రిని, అంటే బాప్తిస్మంలో తండ్రిగా నిలిచినవాణ్ణి, ఇక్కడ పరాన్ అనే పిలుస్తారు; ముద్దైనవాళ్లను షా అంటారు. ఆయన తలుపు తీసుకుని తనే ఎక్కేశాడు.

"దుమ్మెక్కడుంది షా, అంతా నీళ్లేగా. క్లోటిల్ చర్చికి పోయింది. అది ఇల్లు చేరేలోగా నన్ను మడుగుకి తీసుకుపో."

"నా పీతలో?"

"ఎక్కడికీ పోవు. వాటికి పక్కకి నడవడమే వచ్చు."

క్లోటిల్ ఆయన కూతురు. ఎగువన టౌనులో ఉంటుంది. కన్ను కోయించాక ఆయన్ని అక్కడే ఉంచుకుంది. అక్కణ్ణుంచి ఆయన రొట్టెల బండివాణ్ణి బతిమాలుకుని సగం దూరం వచ్చాడట.

తెయో ఎర వేసి కునికే రకం కాదు. చేపను చూసి పట్టే మనిషి. చలికాలం ఉత్తరపు గాలి నీళ్లను సముద్రంలోకి ఊడ్చేస్తే, ఈ బాడవ మడుగుల్లో మోకాలి లోతే మిగులుతుంది, అద్దం పరిచినట్టు. పడవ ముందు కొసన నిలబడి, అడుగున ఆల్చిప్పల మధ్య నీడలా జరిగే ఎర్రచేపను కనిపెట్టి, దాని ముక్కు ముందునుంచి బంగారు పూత చెంచాలాంటి ఉత్తుత్తి ఎరను లాగాలి. నెత్తిన పడితే చేప పారిపోతుంది. ఎడంగా పడితే దానికసలు తెలియనే తెలియదు.

ఈ చేపను ఇక్కడివాళ్లు తమ ఫ్రెంచిలో పొసోన్ రూజ్ అంటారు. ఒకసారి పారిస్ నుంచి వచ్చిన దంపతులతో తెయో, రాత్రి మోచెయ్యంత పొసోన్ రూజ్‌ను పులుసు పెట్టుకు తిన్నామని చెబితే వాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. వాళ్ల ఊళ్లో ఆ మాటకు గాజుగిన్నెలో పిల్లలు పెంచుకునే చేప అని అర్థం మరి. సముద్రం దాటితే మాట కూడా మనిషిలాగే ఒళ్లు చేస్తుంది.

అలాంటి తెయో రెండు చలికాలాల కిందట పడవల రేవుకొచ్చి, మడుగు చెడిపోయిందన్నాడు. నీళ్లలో పాలు పోసినట్టుందన్నాడు. అందరూ నమ్మారు. తుఫాను తుఫానుకీ ఒక గట్టో, ఒక చెట్ల వరసో నీట కలిసిపోయే చోట చెడ్డ కబురుకు సాక్ష్యం ఎవరడుగుతారు? ఆ మడుగుకు పోవడమే మానేశారు. ఆడలేక మద్దెల ఓడు అంటాం మనం. తెయో అలా సాకు చెప్పలేదు, మద్దెలే ఓటిదైందని మనసారా నమ్మి ఏడ్చాడు.

ఆ రోజు ఆయన పడవకు గెడ వేసింది ఆర్మెలీనే. అడుగున ఆల్చిప్పలు ఆమెకు ఒక్కొక్కటీ కనిపిస్తూనే ఉన్నాయి. "నీకెలా ఉందే?" అని ఆయనడిగితే, "మసగ్గానే ఉంది పరాన్," అనేసింది. తేటగా ఉందంటే, నీ కళ్లు పోయాయని చెప్పినట్టే కదా.

ఆయన క్లోటిల్‌కి మాటిచ్చాడు, మడుగు చచ్చిపోతే ఇక్కడ నాకేం పని, నీ ఇంటికే వచ్చేస్తానని. ఆమె ఆయన కోసం ఒక గదికి సున్నం కూడా వేయించింది. తర్వాతే కంట్లో శుక్లాలున్నాయని తేలింది. ఒక కన్ను బాగుచేశారు. ఇప్పుడాయనకు తేలవలసింది ఒక్కటే. మసక మడుగుదా, కంటిదా? ఆర్మెలీన్‌కూ గుబులుగానే ఉంది. ఆమె చూశాక కూడా ఒక తుఫాను ఆ మడుగు మీదుగా పోయింది.

రేవులో బండి ఆపి పడవ ఎక్కాక, ఆయన వెనక్కి తిరిగి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మడుగులోకి మలుపు తిరగ్గానే ఆర్మెలీన్ వంగి చూసింది. గెడ మొన బురదలో దిగడం దాకా కనిపించింది. ఆమె గుబులు తీరింది.

"వచ్చేశామా?"

"వచ్చాం."

"ఏం చెప్పకు. నేనే చూస్తా."

లేచి ముందుకొచ్చాడు. కోయించుకోని కన్నును అరచేత్తో మూసుకున్నాడు. నీళ్ల మీదికి వంగాడు.

"ఆ ఆల్చిప్పలు ఎప్పట్నుంచి ఉన్నాయక్కడ?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

"ఆ పీతో?"

"అది ఇవాళే వచ్చుంటుంది."

చెయ్యి ఆ కంటి మీంచి ఈ కంటి మీదికి మార్చాడు. మళ్లీ ఇటు మార్చాడు. "పాలు నా కంట్లోనే ఉన్నాయే," అన్నాడు మెల్లగా. భుజాలు కిందికి జారాయి. కాసేపటికి ఆయన నవ్వుతున్నాడని ఆమెకు అర్థమైంది.

"మరి నువ్వూ మసగ్గా ఉందన్నావేమే?"

"ఈ బయూలో నీ మాటకి ఎదురు చెప్పినవాడెవడు?"

"దొంగ మొహమా. బాప్తిస్మమప్పుడు ఫాదర్ నిన్ను సరిగ్గా తడిపినట్టు లేదు."

"ఎత్తుకున్నది నువ్వేగా, తుడిచేసుంటావు."

గడ్డి అంచున నీళ్లు చెదిరాయి. నల్లచుక్క ఉన్న తోక పైకి లేచి ఊగింది. చేప తలకిందులుగా పీతను తవ్వుకుంటోంది. తెయో విసిరాడు. ఒంటి కన్నుకు దూరం అందక చెంచా ఇవతలే పడింది. చేప కదల్లేదు. ఈసారి దాని ముందుకు, కొంచెం అవతలికి విసిరి, ముక్కు కింద మెరిసేలా లాగాడు. అది తల తిప్పింది. కర్ర విల్లులా వంగింది. చేప ఎటు లాగితే అటు పడవ నెమ్మదిగా తిరుగుతుంటే ఆర్మెలీన్ గెడ ఎత్తేసి ఊరికే కూర్చుంది.

రేవు చేరేసరికి ఆమె ఫోను మోగింది. క్లోటిల్.

"మా నాన్న నీ దగ్గరున్నాడా?"

"ఉన్నాడు. క్షేమంగానే ఉన్నాడు."

"మరి ఇటు తీసుకొస్తున్నావా?"

"ఉండు, ఆయన్నే అడుగుతా," అంటూ ఆర్మెలీన్ వెనక్కి తిరిగింది.

తెయో అప్పటికే పడవ దిగేశాడు. చేప మొప్పలో వేలు దూర్చి వేలాడదీసుకుని, ఆమె బండి పక్కనుంచే, అటు చూడనైనా చూడకుండా, రేవు పక్కనే స్తంభాల మీద నిలబడ్డ తన ఇంటి మెట్ల వైపు నడిచిపోతున్నాడు.