పడితే వదిలేసే బిగింపు

ఎనభైల్లో, దుబాయ్‌లో లెక్కలు చూసే నన్ను మా ఆస్ట్రియా ముదీర్, అంటే మేనేజరు, శీతకాలపు సెలవులకు తన ఊరు రమ్మన్నాడు. మంచు మీద జారే స్కీలకు బూట్లను బిగించే బైండింగులు కొందామని, చెమట తుడుచుకుంటూ దేరాలోని ఒక ఆటవస్తువుల దుకాణానికి వెళ్ళాను. మనిషి పడగానే అవి బూటును వదిలేస్తాయని అక్కడ అమ్మే కరీంనగర్ మల్లేశం చెప్పగానే నాకు మండిపోయింది.

"ఊడిపోయే సరుకును డబ్బిచ్చి కొనాలా? అన్నిటికంటే గట్టిది చూపించు."

"అది పోటీలోళ్లది సార్. దాని బిగింపు అంకె ఎనిమిది నుంచే మొదలైతది. మీరు మంచు ఎన్నడన్న చూసిన్రా?"

"ఫ్రిజ్‌లో చూశాను," అన్నాను గంభీరంగా.

"అయితే మీ బరువుకు నాలుగు సాలు. మూడు నుంచి పది దాంక తిరిగేది తీస్కోండ్రి. పడ్డప్పుడు వదలకుంటే కాలు ఖలాస్!"

ముప్పయ్యేళ్ళ సర్వీసులో నన్నెవరూ అంత చిన్న అంకెలో వేయలేదు. అయినా కాలు నాది కనుక, అవమానాన్ని దిగమింగి కొన్నాను.

సెలవులయ్యాక రెండు కాళ్ళ మీదా నడుస్తూ మళ్ళీ ఆ దుకాణానికి వెళ్ళాను.

"వదిలినయా సార్?"

"పడిన ప్రతిసారీ వదిలాయి. అన్నీ రాసిపెట్టాను," అంటూ నా పుస్తకం చూపించాను.

"అమ్మో, గిన్ని పేజీలా!"

"నిజమేనయ్యా. నిలబడినవి రాసుకుని ఉంటే కాగితం కలిసొచ్చేది."