అంగీ లేనిదానికి గుండీలు

మొన్న పంజాగుట్టలో మెట్రో దిగి, మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుంటుంటే, మా చెల్లెలి కూతురు అండమాన్‌లో తీసిన ఫోటో చూపించింది. పగడపు దిబ్బల పక్కన ఇసుకలో నల్లగా, పొడుగ్గా పడివున్న సముద్ర దోసకాయ అనే ప్రాణి. మేమింకా చూస్తుండగానే ఫోను దాని పేరు చెప్పేసింది. నా మనసు మాత్రం అమీర్‌పేటలో మా నాయిన కుట్టుమిషను దగ్గరికి పోయింది.

నేను జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివేటప్పుడు మమ్మల్ని రామేశ్వరం వైపు తీరానికి తీసుకెళ్ళారు. అక్కడ దొరికిన ఇలాంటి నల్ల ప్రాణే నా ప్రాజెక్టు. దాని జాతి తేల్చకపోతే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే. చిక్కేమిటంటే, చూడ్డానికి ఒకేలా ఉండే నల్ల జాతులు రెండు. చర్మంలోని సున్నపు రేణువుల ఆకారాన్ని మైక్రోస్కోపులో చూస్తే గాని ఏది ఏ జాతో తెలియదు. తీరా చూస్తే ఒక్క రేణువూ లేదు! ప్రాణి కుళ్ళకుండా మా మాస్టారు అలవాటుకొద్దీ సీసాలో పోసిన ఫార్మలిన్ ఆ సున్నాన్నంతా తినేసింది.

బస్సు దిగి ఏడుపు మొహంతో కొట్టుకు వెళితే, నాయిన ఎవరిదో అంగీ గుడ్డ అంచున చిన్న ముక్క కత్తిరించి రశీదుకు గుచ్చుతున్నాడు. నేతపని వదిలి పట్నమొచ్చి దర్జీ అయిన ఆయన, బట్టలు తారుమారు కాకుండా ప్రతి గిరాకీకీ అలాగే చేసేవాడు. అది చూడగానే నాకు గుర్తొచ్చింది. ఆ కొట్లో పెరిగిన చేతులు కదా, సీసాలో వేసే ముందు నేనూ ఆ ప్రాణి తోలు ముక్క కోసి, ఆరబెట్టి, చీటీకి గుచ్చి ఉంచాను!

మర్నాడు ఆ ముక్కను బ్లీచింగ్ నీళ్ళలో వేస్తే తోలు కరిగి రేణువులు మిగిలాయి. వరుసగా బెజ్జాలున్న బుల్లి గుండీలు. పుస్తకాల్లోనూ వాటిని గుండీలనే అంటారు. ఆ రెండింటిలో గుండీలున్న జాతి ఒక్కటే. బొమ్మ గీసుకుని కొట్టుకు పరుగెత్తాను.

"అంగీ లేనిదానికి గుండీలెందుకు బిడ్డా?" అని నాయిన పగలబడి నవ్వి, గిరాకీలందరికీ చాయ్ తెప్పించాడు. ఆ తర్వాత ఎవరడిగినా "మా బిడ్డ సుత గుండీల పనే చేస్తది" అని మురిసిపోయేవాడు.

ఇప్పుడు కొట్టున్నచోట కంప్యూటర్ కోచింగ్ సెంటరుంది. పేర్లు తొందరగా తెలియడం మంచిదే, నేను కాదనను. కానీ ఒక పేరు తెలియగానే కాళ్ళు వాటంతటవే పరుగెత్తే గుమ్మం ఒకటుండేది. అది లేక, నాకిప్పుడు ఏది తెలిసినా సగమే తెలిసినట్టుంటుంది.