నాష్‌విల్ పార్థెనాన్ మెట్ల మీద కేసు వాదించి ఓడిపోయిన రోజు

మా అమ్మాయి అక్షరకి పదహారేళ్ళు. స్కూల్లో గ్రీకు చరిత్ర క్లబ్‌లో ఉంది. పాత ఏథెన్స్‌లో ప్రభుత్వ లాయర్లు ఉండేవారు కాదట, ఊరికి చెడు చేసినవాడి మీద ఇష్టమున్న ఏ పౌరుడైనా తనంతట తాను కేసు వేయచ్చట. నెల రోజులుగా డిన్నర్ దగ్గర ఇదే మాట. నాష్‌విల్‌లో ఆ ఏథెన్స్ పార్థెనాన్ గుడికి అదే సైజులో కట్టిన నకలుంది. దాని మెట్ల మీద అలాంటి విచారణ ఒకటి నడిపి చూపిస్తున్నారని, ఎవరైనా రావచ్చని తెలిసి బయల్దేరాం.

మా ఊరు మోరిస్‌విల్ నుంచి ఐ-ఫార్టీ హైవే ఎక్కితే చాలు, దాదాపు తొమ్మిది గంటల డ్రైవ్. నడిపేది నేనొక్కదాన్నే కాబట్టి శుక్రవారం ఒంటిగంటకి బయల్దేరి, రాత్రికి నాక్స్‌విల్‌లో ఆగాం. మోటెల్ టాక్స్‌తో కలిపి నూట పది డాలర్లు. కొండల దగ్గర రోడ్డు పనుల వల్ల ముప్పావుగంట పోయింది. అక్కడ కార్లు పాకుతుంటే అక్షర అడిగింది.

"అమ్మా, ఆ క్రీక్ ఫోటోస్ టౌన్ వాళ్ళకి పంపావా?"

మా టౌన్‌హౌస్‌ల వెనక చిన్న వాగుంది. రెండు వారాల క్రితం పెయింట్ కాంట్రాక్టర్ మనుషులు మిగిలిన రంగంతా అందులో వంపేశారు. నీళ్ళు పాలలా పారాయి. కిటికీలోంచి ఫోటోలు తీశాను, అంతే.

"లేదు. హెచ్-వన్‌బీ వీసా మీద ఉన్నాను, మనకెందుకు చెప్పు."

"నేను ఇక్కడే పుట్టాను కదా. నేను పంపనా?"

"వద్దు" అన్నాను. అక్షర హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది, నాక్స్‌విల్ దాకా తీయలేదు.

శనివారం ఎనిమిదింటికి బయల్దేరాం. నాష్‌విల్‌లో టైమ్ ఒక గంట వెనక, అందుకే పదింటికల్లా పార్క్‌లో ఉన్నాం. గుడి లోపల బంగారు పూత ఎథీనా దేవత విగ్రహం చూడ్డానికి టికెట్ ఉంది. బయట మెట్ల మీద కూర్చోడానికి అక్కర్లేదు.

కరువులో గోధుమలు దాచేసిన వర్తకుడి మీద విచారణ. వర్తకుడి వేషంలో ఒక కాలేజీ కుర్రాడు. నడిపించేది మార్గరెట్ అనే రిటైర్డ్ టీచర్. "ఇతని మీద ఎవరు మాట్లాడతారు?" అని మూడుసార్లు అడిగింది. కేసు వేసినవాడికి ఐదో వంతు ఓట్లయినా రాకపోతే ఏథెన్స్‌లో వెయ్యి డ్రాక్మాలు, అంటే వెయ్యి వెండి నాణేలు, జరిమానా. ఇక్కడైతే మధ్యాహ్నం దాకా నోరెత్తకూడదు. మెట్ల మీదున్న నలభై చిల్లర మందీ తలలు దించుకున్నారు. ఆ దించుకోవడం నాకు బాగా తెలుసు. ఒళ్ళు మండింది, లేచాను.

"నేను ఈ దేశ పౌరురాలిని కాను. పైగా ఆడదాన్ని. ఏథెన్స్‌లో నన్ను రానిచ్చేవారా?"

"రానిచ్చేవారు కాదు" అంది మార్గరెట్. "అది వాళ్ళ తప్పు. మీరు రండి."

నాలుగు నిమిషాలు మాట్లాడాను. "నా ఇంట్లో దొంగతనం జరిగితే నేను అడుగుతాను. ఊరందరిదీ ఎత్తుకుపోతే ఎవరడగాలి?" అని అడిగాను. గులకరాళ్ళతో ఓట్లు వేశారు. నాకు పదిహేడు, అతనికి ఇరవై నాలుగు. ఓడిపోయాను. జరిమానా మాత్రం తప్పింది.

పక్కనే టాకో ట్రక్‌లో బీన్స్ టాకోలు, ఇద్దరికీ పద్దెనిమిది డాలర్లు. అమ్మే ఆయన కూడా గులకరాయి వేసి వచ్చాడట. "మీకే వేశాను" అన్నాడు.

"ఓడిపోయానుగా!"

"మీరు లేవకపోతే ఇటువైపు పదిహేడు మంది ఉన్నారని ఎవరికి తెలిసేది?"

అక్కడే గడ్డిలో కూర్చుని ఆ వాగు ఫోటోలు మా టౌన్ వాళ్ళ సైట్‌లో ఫిర్యాదుగా పెట్టాను. పది నిమిషాల పని. పేరు రాయక్కర్లేదని అందులో ఉంది, అయినా రాశాను. తేదీ తప్పు పడితే అక్షర దిద్దింది. తర్వాతి వారం ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి వెళ్ళాడు. ఇప్పుడా కాంట్రాక్టర్ మనుషులు మిగిలిన రంగు డ్రమ్ముల్లో పట్టుకెళ్తున్నారు. నా వీసాకి ఏమీ కాలేదు. కాదని మా ఇమిగ్రేషన్ లాయర్ ఎప్పుడో చెప్పింది, నమ్మనిది నేనే.

ఏథెన్స్ పద్ధతి గొప్పదని అనను. పగతో, డబ్బు కోసం కేసులు వేసినవాళ్ళూ ఉండేవారట. ఆ ఐదో వంతు షరతు అందుకే. అయినా ఊరి కష్టం ఎవరో జీతగాడు చూసుకుంటాడని వాళ్ళు ఊరుకోలేదు, లేచినవాడు తన మాటకి పూచీ పడ్డాడు. ఆ రెండూ నాకు నచ్చాయి. మీరూ వెళ్తే మంచినీళ్ళు తీసుకెళ్ళండి. మెట్ల మీద నీడ ఉండదు, నాలుగు నిమిషాలు మాట్లాడేసరికే గొంతు ఎండిపోతుంది.