ఆరు మేకలకే పొయ్యమన్న మందు

అబ్దుల్ బారీ మా పశువుల దవాఖానలో అటెండరు, నేను డాక్టర్ని. మైక్రోస్కోపు ముందు మాత్రం ఆయనే పెద్ద. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. నా చదువు, నా కోపం, రెండూ అడ్డొచ్చాయి. బారీ తండ్రికి మహబూబాబాద్‌లో మాంసం కొట్టు ఉండేదట. మేక పేగులు కడుగుతూ పదేళ్లకే లోపలి పురుగులను, అంటే నట్టలను, చూసినవాడు. ఉద్యోగంలో చేరాక, ఊడ్చే పని ముగించి, మేక పెంటికను నీళ్లలో కలిపి ఆ చుక్కను స్లైడు మీద పెట్టి, నట్టల గుడ్లు లెక్కపెట్టడం తనంతట తానే నేర్చుకున్నాడు.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. కురవిలో మా దవాఖానకు తాళం పడింది. రైళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియక నేను జనగామలో మా ఇంటికి పోవడం మానేసి కురవిలోనే గది తీసుకున్నాను. పొద్దున్నే అందరం సమ్మె శిబిరంలో కూర్చునేవాళ్లం. వానలు వెనకబట్టే రోజులు, మేకల కడుపులో నట్టలు ముదిరే రోజులు. రావాల్సిన నట్టల మందు రాలేదు. మాన్‌సింగ్ అని, తండాలో ఎనభై మేకలున్న మనిషి. వాటికి దవడల కింద నీరు దిగి ఒక్కొక్కటే చస్తున్నాయి. రోజూ శిబిరం దగ్గరకొచ్చి నిలబడి, ఏమీ అడక్కుండానే వెళ్లిపోయేవాడు. నాకు తల కొట్టేసినట్టుండేది.

"సమ్మెల మనమున్నం గని మేకలు లేవు గద మేడం. మోదుగ గింజల కషాయం పోద్దాం. మా దాదీ పోసేది," అన్నాడు బారీ.

నేను ఒప్పుకోలేదు. మోతాదు తెలియకుండా బక్కచిక్కిన మేకల గొంతులో పోస్తే ఉన్నవీ పోతాయి. ముందు పరీక్ష చేద్దామన్నాను. పన్నెండు మేకలు. ఆరింటికి మందు, ఆరింటికి ఉత్త నీళ్లు. పదిరోజులాగి గుడ్లు లెక్కపెడతాం. తేడా కనిపిస్తేనే తండాకు.

ఊరి చివర బుచ్చవ్వ అనే ముసలామెకు సరిగ్గా పన్నెండు మేకలున్నాయి. ఆమె పొయ్యి మీదే కషాయం కాచి, ఆరింటికి పోసి, వాటి మెడలకు ఎర్ర దారం కట్టాడు బారీ. ఆమె పక్కనే కూర్చుని అంతా చూసింది.

పదో రోజు దవాఖాన వెనక తలుపు తీసి స్లైడ్లు పెట్టాం. మందు పొయ్యకముందు చూసినప్పుడు అన్నిటిలోనూ స్లైడుకు నలభై, యాభై గుడ్లున్నాయి. ఇప్పుడు దారం కట్టినవాటిలో ఐదారు. నాకు ప్రాణం లేచొచ్చింది. దారం లేనివాటిలో చూస్తే అక్కడా ఐదారే.

"వానలు తగ్గాయి, నట్టలు వాటంతటవే తగ్గాయి. మీ మందు గొప్పేమీ లేదు," అన్నాను. అంత పుల్లవిరుపుగా అనాల్సింది కాదు.

"మరి తండల ఎందుకు సస్తున్నయ్ మేడం?" అన్నాడు బారీ. అయినా మందు పోయనివ్వలేదు.

మర్నాడు బారీ దారాలు విప్పడానికి పోతుంటే ఆయనతోపాటు నేనూ వెళ్లాను. బుచ్చవ్వ పొయ్యి పక్కన చాటెడు మోదుగ గింజల పొట్టు పోగుపడి ఉంది. మేం వాడినవి దోసెడు గింజలే.

"అవ్వా, గిదేంది?" అన్నాడు బారీ.

"ఏముంది బిడ్డా, నువ్వు పోంగనే నేను గట్లనే కాసి తతిమ్మ ఆరిటికి పోసిన. ఎండకాలం ఏరిపెట్టిన గింజలు నా తాన ఉండె. అన్నీ ఒక్క కొట్టంల ఉంటయ్. ఆరిటికి మందు పోసి, ఆరిటికి నీళ్లు పోసి, వాటి మొకం ఎట్ల జూడాలె?"

పదిరోజుల పని మట్టిపాలు చేసింది. నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది.

"అయితే మందు పనిచేసినట్టే గద మేడం?" అన్నాడు బారీ.

"మందు ముట్టని మేకలు కావాలి భాయ్. అప్పుడే తెలుస్తుంది."

"పోశాలు మేకలను జూడుండ్రి," అంది బుచ్చవ్వ. "నావాటితోటే మేస్తయ్, ఒక్క కుంటలనే తాగుతయ్. వాటికి ఎవ్వలు ఏం పొయ్యలే."

బారీ అప్పటికే పక్కింటి పోశాలు కొట్టం వైపు నడుస్తున్నాడు.

దవాఖానలో ఆ స్లైడ్లు ఆయనే చూశాడు. "యాభై రెండు," అన్నాడు. తర్వాతదానికి "నలభై ఏడు." మూడోది నేను చూశాను. ఎటు చూసినా గుడ్లే. హమ్మయ్య అని పైకే అన్నాను. డ్యూటీలో నా ముందు ఏనాడూ కూర్చోని మనిషి నా కుర్చీ లాక్కుని కూలబడి, మొహం తుడుచుకున్నాడు.

బుచ్చవ్వ తన గింజలన్నీ మూటగట్టి ఇచ్చింది. పొద్దు వాలకముందే తండాకు చేరి కషాయం కాచాం. మాన్‌సింగ్ మేకలను తోలుకొచ్చి వరసగా నిలబెట్టాడు. అరవై మూడు మిగిలాయి. బారీ మొదటి మేక దవడ పట్టుకుని, మందు సీసా ఎత్తి, నా వైపు తిరిగాడు. ఈ డాక్టరమ్మ మళ్లీ సగమే అంటుందేమోనని ఆయన భయం.

"ఎన్నిటికి పొయ్యాలె మేడం?"

"అన్నిటికీ," అన్నాను. "ముందు బక్కవాటికి."