తలుపు చప్పుడు వినే జుంబేర్

మా భవనం రెండో అంతస్తులో ఉండే జుంబేర్‌కు కార్ల గురించి తెలియని సంగతి లేదని జుంబేరే చెబుతాడు. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంటి పై అంతస్తులోనే ఉంటున్నదాన్ని కనుక ఆయన ఏం చదివాడో, ఏం పని చేశాడో నాకు తెలుసు. మా ఊరు రుస్తవిలోని ఉక్కు ఫ్యాక్టరీ భోజనశాలకు బంగాళాదుంపలు తెచ్చే బండి తోలేవాడు. భోజనశాల మూతపడింది, బండి పోయింది. నోరు మాత్రం ఎవరూ తీసుకెళ్ళలేదు.

అప్పటి నుంచి మా భవనం ముందు బెంచీయే ఆయన కొలువు. పొద్దున్నే మీసం దువ్వుకుని, తాళంచెవి వేలికి తగిలించుకుని దిగుతాడు. ఆ తాళంచెవి తాలూకు జర్మన్ కారు మల్బరీ చెట్టు కింద గుడ్డ కప్పుకుని ఉంటుంది. ఏడాదికోసారి ఈస్టర్ మర్నాడు, పెద్దల సమాధులు చూడడానికి బయటికి తీస్తాడు, మళ్ళీ కప్పేస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెడిపోలేదని ఊరంతా చెప్పుకుంటాడు. మా అల్మారా కూడా ఇన్నేళ్ళలో ఒక్కసారి చెడిపోలేదు, అది కూడా ఎక్కడికీ కదలదు.

"యూరప్ కారు వెళ్ళి గోడకు గుద్దుకుంటే గోడ పడిపోతుంది. అమెరికా కారు గుద్దుకుంటే కారే నలిగిపోతుంది. ఇంక నేను చెప్పేదేముంది?" అంటాడు.

"గోడ పడిపోతే సరే, లోపల కూర్చున్నవాడి సంగతేంటి?" అని ఒకసారి అడిగాను.

"త్సియాలా, నువ్వు చదివింది నాలుగో తరగతి. నీకిది అర్థమయ్యే విషయం కాదులే."

ఆయన చదివిన ఆరో తరగతిలో ఇదంతా నేర్పారేమో మరి.

కారు మంచిదో చెడ్డదో తేల్చడానికి ఆయనకు ఒకటే పరీక్ష. తలుపు తీస్తాడు, అందరూ చూస్తున్నారో లేదో చూసుకుంటాడు, దభాలున మూస్తాడు. కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటాడు. బరువుగా వినిపిస్తే యూరప్, మంచి కారు. డొల్లగా వినిపిస్తే అమెరికా, రేకు డబ్బా. బానెట్ ఎత్తడు, కిందికి వంగి చూడడు. వంగితే ప్యాంటు నలుగుతుంది. అయినా మా వీధిలో ఆయన చేత తలుపు మూయించకుండా ఒక్కరు కూడా కారు కొనరు. జుంబేర్‌ను ఏమనుకున్నా, ఆయన వెనక నడిచే ఈ మగవాళ్ళను ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కార్లకు కొరతా అంటే లేదు. అమెరికాలో గుద్దుకున్న కార్లన్నీ ఓడెక్కి పోతీ రేవుకు, అక్కణ్ణించి మా ఊరి కార్ల బజారుకు వస్తాయి. మా ఊళ్ళో సుత్తి పట్టని మగవాడు లేడు. ఒక కారు ముందు సగం, ఇంకో కారు వెనక సగం కలిపి అతికిస్తారు, ఒకే రంగు వేస్తారు. అమెరికావాడు చేసినప్పుడు ఆ కారు బాగానే ఉండి ఉంటుంది. జర్మనీవాడు చేసింది కూడా బాగానే ఉంటుంది. తర్వాత మావాళ్ళ చెయ్యి పడుతుంది.

మూడో అంతస్తు మక్వాలాకు కారు కావలసి వచ్చింది పోయిన శరదృతువులో. భర్త పోయాక ఆ పిల్ల త్సాల్కా కొండల పల్లెల్లో జున్ను కొని తెచ్చి ఇక్కడ అమ్ముకుంటోంది. ఆరేళ్ళ కూతురు లీలేను వదిలిపెట్టే చోటు లేక వెంటే తీసుకెళుతుంది. పాత కారు పనికిరాకుండా పోయింది. చలికాలంలో ఆ దారంతా మంచు, పొగమంచు, పక్కనే లోయ. మరో కారు కొనే శక్తి ఆమెకు ఒక్కసారికే ఉంది. ఆ ఒక్కటీ తప్పు కారైతే తల్లీ కూతురూ ఆ లోయలో తేలతారు. ఈ మాట ఆమే నాతో అంది.

"జుంబేర్ బాబాయ్‌ని తీసుకెళ్తాను పిన్నీ. ఆయన అన్నీ చూస్తాడు కదా."

"చూడడమ్మా, వింటాడు. నేనూ వస్తాను."

"నువ్వెందుకు పిన్నీ, కాళ్ళ నొప్పులతో?"

"కాళ్ళ సంగతి నీకెందుకు, కళ్ళు బాగున్నాయి."

నన్నెవరూ పిలవకపోయినా వెళ్ళడం నాకు అలవాటే.

బజారులో జౌరీ అనే అమ్మకందారు మమ్మల్ని చూడగానే ఎదురొచ్చాడు. నిజానికి జుంబేర్‌ను చూసి వచ్చాడు. "పంతులుగారూ, మీరొచ్చారా. మీరు చెయ్యి వెయ్యకపోతే ఈ బజారులో కారు అమ్ముడుపోదు" అన్నాడు. జుంబేర్ మీసం రెండు అంగుళాలు పెరిగింది. నీలం రంగు అమెరికా కారు ఒకటి చూపించాడు. అద్దంలా మెరుస్తోంది.

"అమెరికానా?" అని పెదవి విరిచాడు జుంబేర్.

"ఒక్కసారి తలుపు వెయ్యండి, మీకే తెలుస్తుంది" అన్నాడు జౌరీ.

వేశాడు. చర్చి తలుపు మూసినట్టు బరువుగా పడింది. జుంబేర్ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ వేశాడు. కళ్ళు తెరిచి, "అమ్మాయ్, కారు అమెరికాదే కానీ తలుపు యూరప్‌ది. తీసుకో" అన్నాడు.

అంత మాట విని నవ్వు ఆపుకున్న మనిషి ఆ వరుసలో నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు కూడా నవ్వలేదు, కానీ వాళ్ళు నమ్మారు కనుక నవ్వలేదు.

ఈలోగా జౌరీ ద్రాక్ష సారా సీసా, చిన్న గ్లాసులు తెచ్చాడు. మాలో బేరం కుదిరితే సారా పోసుకుని కారుకు శుభం కోరాలి. గ్లాసు ఎత్తినవాడు మాట ఇచ్చినట్టే, వెనక్కి తిరిగితే పరువు పోతుంది. కొనే మనిషి ఇంకా చుట్టూ తిరిగి కూడా చూడలేదు. మా పంతులుగారు గ్లాసు ఎత్తేశాడు.

"ఈ చక్రాలు మక్వాలాను ఎప్పుడూ ఇంటికే తీసుకురావాలి. పోయినవాళ్ళు దీవించాలి, ఉన్నవాళ్ళు..."

ఆయన మొదలుపెడితే దేవుడికి కూడా ఆపడం రాదు. నేను ఆ తీరికలో తలుపు అంచు రబ్బరు కాస్త పక్కకు లాగి వేలు పెట్టాను. వేలు నల్లగా జిగటగా వచ్చింది. వాసన చూశాను, ఇంటి పైకప్పు కారితే పూసే తారు. తలుపు లోపల తారు పలకలు అంటించారు, చప్పుడు బరువెక్కడానికి. జుంబేర్ పరీక్ష ఏమిటో ఊరంతటికీ తెలిసినప్పుడు బజారుకు తెలియదా.

తలుపుకే ఇంత చేస్తే ఇంకెక్కడేం చేశారో అని లోపల కూర్చున్నాను. స్టీరింగు మధ్య, గుద్దుకుంటే గాలి సంచి బయటికొచ్చే చోటు మూత కొంచెం వంకరగా ఉంది. గోరు పెట్టి లాగాను. బిస్కట్ డబ్బా మూతలా ఊడి నా ఒళ్ళో పడింది. లోపల సంచి లేదు. మడిచిపెట్టిన కర్టెన్ గుడ్డ ఉంది, పసుపు పువ్వులది.

"మక్వాలా, ఇటు రామ్మా. ఏదైనా జరిగితే నీ మొహానికి అడ్డం వచ్చేది ఇదిగో, చూసుకో."

జౌరీ కర్టెన్ వైపు చూసి, "అది ఎక్కడో పెట్టి మరిచిపోయారు అత్తా, రేపటికల్లా సంచి వేయించేస్తాను" అన్నాడు. మొహంలో సిగ్గు ఛాయ లేదు.

జుంబేర్ గ్లాసు ఇంకా గాల్లోనే ఉంది. "గాలి సంచులు ఆడవాళ్ళ భయం కోసం పెట్టినవి. స్టీరింగు గట్టిగా పట్టుకునేవాడికి ఎందుకు? అసలు సంగతి ఇనుము. ఆ ఇనుము విన్నారు కదా" అన్నాడు.

"విన్నాను బాబాయ్, తారు" అంది మక్వాలా, నా వేలు చూసి.

"నేను గ్లాసు ఎత్తాను. అందరి ముందూ మాట ఇచ్చాను. ఇప్పుడు వద్దంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"తాగింది నువ్వు బాబాయ్. మాట నిలబెట్టుకోవాలంటే కారు నువ్వే తీసుకో. పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టి కొండ ఎక్కేది నేను."

వరుసలో అమ్మకందారులందరూ పనులు ఆపి చూస్తున్నారు. జుంబేర్ కారు వైపు చూశాడు, కర్టెన్ వైపు చూశాడు, గ్లాసు కింద పెట్టాడు. తీసుకుంటానని మాత్రం అనలేదు. ఆ ఇనుము మీద అంత నమ్మకం ఉన్న మనిషి అంత త్వరగా బస్‌స్టాప్ వైపు నడవడం నేనెప్పుడూ చూడలేదు.

రెండు వారాల తర్వాత మక్వాలా, త్బిలిసిలో పదవీ విరమణ చేసిన ఒక టీచరమ్మ దగ్గర చిన్న కారు కొనుక్కుంది. కొనేముందు మెకానిక్ షాపు గుంట మీదికి ఎక్కించి కింద నుంచి చూపించుకుంది, అతుకు ఒక్కటీ లేదట.

"యూరప్‌దా, అమెరికాదా?" అని అడిగాను, నాకు తెలియకపోతే నిద్ర పట్టదు.

"ఎవరూ కోసి అతికించని కారు పిన్నీ" అంది, పేరు చెప్పలేదు. తర్వాత వెళ్ళి చూశాను, అమెరికాదే.

జనవరిలో త్సాల్కా దారిలో చక్రాలు జారి కారు మంచు గోడకు గుద్దుకుంది. ముందు భాగం నలిగిపోయింది. జున్ను లారీవాడు లాక్కొచ్చి మా భవనం ముందు వదిలాడు. మక్వాలా ముక్కు ఎర్రగా వాచి ఉంది, కోటు మీద గాలి సంచిలోంచి రాలిన తెల్ల పొడి ఉంది. లీలే ఒంటి మీద గీత లేదు, దారిలో ఒక జున్ను ముద్ద పూర్తిగా తినేసిందని తల్లి తిడుతోంది.

జుంబేర్ దిగివచ్చాడు. మీసం దువ్వుకునే వచ్చాడు. నలిగిన బానెట్ మీద వేలితో తట్టి, చుట్టూ చేరిన మగవాళ్ళ వైపు తిరిగాడు.

"చూశారా ఎలా నలిగిందో? ఇదే జర్మన్ కారైతే మంచు గోడ నలిగేది."

మగవాళ్ళు తలలూపారు. వాళ్ళలో ఒకడు వచ్చే ఆదివారం తనతో బజారుకు రమ్మని ఆయన్ని అడిగాడు. మక్వాలా వాళ్ళ మధ్య నుంచి దారి చేసుకుని, పిల్లను ఎత్తుకుని, మెట్లు ఎక్కి ఇంటికి వెళ్ళింది.