నంజుండప్పకు చెప్పలేకపోయిన నెమలి

కొత్తగా దొరికిన బర్మా నోటు చూపిద్దామని ఈ పొద్దు పెనుకొండలో రైలెక్కి హిందూపురం పోయాను. దేశదేశాల నోట్లు సేకరించే పిచ్చి నాకూ, అక్కడి బట్టల కొట్టు నంజుండప్పకూ ఉంది. ఆయన నోటు అందుకుని వేళ్లతో తడిమాడు.

"కండ్లు పూర్తిగా పోయినాయప్పా. బొమ్మ ఏముండాదో నువ్వే చెప్పు."

ఇన్నేళ్లూ నేను చూపేవాణ్ణి, మాటలన్నీ ఆయనవే.

"నెమలి," అన్నాను.

"ఎట్లుండాది?"

"బాగుండాది."

"అంతేనా? పెండ్లిచూపుల్లో గూడా ఇట్లే చెప్పింటావు నువ్వు!" అని నవ్వి, నోటు వెంటనే నా చేతికిచ్చేశాడు. ఎప్పుడూ సాయంత్రందాకా దగ్గరే ఉంచుకునేవాడు.

తిరుగు రైల్లో ఆ నెమలినే చూస్తూ కూర్చున్నాను. పెనుకొండ వచ్చేదాకా ఒక్క మాటా తోచలేదు. చూపులేని మనిషికి నెమలిని మీరైతే ఎట్లా చెబుతారు?