చక్రం మెల్లగా తిరిగిన రోజు

కాలేజీలో మాకొక పాత పద్యం ఉండేది. నిప్పుతో, ఇనుముతో ఇంతటి యంత్రాన్ని సృష్టించినవాడు ఎవరని కవి అందులో అడుగుతాడు. గోదావరిఖనిలో మా క్వార్టర్లో దాన్ని గట్టిగా చదువుతుంటే, బొగ్గుబాయిలో పనిచేసే అన్న నవ్వేవాడు.

"ఎవడు చేస్తేందిరా? నడిపెటోడు మంచిగుండాలె."

ఒక మధ్యాహ్నం బాయిలో పైకప్పు కూలిందని సైరన్ మోగింది. అన్న లోపలే ఉన్నాడు. మమ్మల్ని కన్న అవ్వా, నేనూ బాయి దగ్గరికి పరుగెత్తాం. మనుషులను పైకి లాగే తాడును తిప్పే పెద్ద చక్రం ఆగిపోయి ఉంది. అందరూ దానివైపే చూస్తున్నారు. నా నోట్లో ఆ పద్యమే తిరుగుతోంది.

"పెదవులు ఆడుతున్నయేందిరా? దేవునికి మొక్కు," అంది అవ్వ.

అంతలో చక్రం కదిలింది.

"వస్తుండు బిడ్డా, వస్తుండు!"

పక్కనున్న ముసలి కార్మికుడు అవ్వ భుజం పట్టుకున్నాడు. "జర ఆగు చెల్లె. నడిపెటోడు గింత మెల్లగ తిప్పుతుండంటే స్ట్రెచర్ మీద ఎవర్నో తెస్తున్నరు."

తెచ్చింది అన్ననే. అప్పటికే ప్రాణం లేదు.

ఆ పద్యం ఇప్పటికీ చదువుతాను. మంచి పద్యమే. యంత్రాన్ని చేసినవాడి కోసం వెతుకుతుంది. మా అన్న కుదుపు లేకుండా పైకి రావాలని చక్రాన్ని మెల్లగా తిప్పినవాడు మాత్రం అందులో లేడు.